ఎర్ర చుక్క పెట్టిన గడి

'తండ్రి లేదా భర్త పేరు' అనే గడి పక్కన ఎర్ర చుక్క పెట్టింది ఎల్లస్వామే. ఇంకొకరు పెట్టి ఉంటే ఈ కథ చెప్పుకునే పనే లేదు. వాళ్లను నాలుగు మాటలు తిట్టుకుని ఊరుకునేవాళ్లం. చిన్నప్పటి నుంచి ఎక్కడ ఏ ఫారం చేతికొచ్చినా ఆ ఒక్క గడి దగ్గరే చెమటలు పట్టినవాడు, పెద్దయ్యాక తన చేత్తో తానే దాని పక్కన చుక్క పెట్టాడు. పెట్టిన రోజు ఆఫీసులో మెచ్చుకోలు కూడా పొందాడు.

ఎర్ర చుక్క చూడనివాళ్లు ఈ రోజుల్లో ఉండరు. ఆసుపత్రిలోనో కాలేజీలోనో కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి మన వివరాలు ఒక్కొక్కటే అడుగుతూ నింపుతుంది. ఆ తెర మీద కొన్ని గడులు ఖాళీగా వదిలేయొచ్చు, కొన్ని వదలకూడదు. వదలకూడని వాటి పక్కన చిన్న ఎర్ర చుక్క ఉంటుంది. అది నింపితేనే కింద ఉన్న మీట పనిచేస్తుంది. నింపకపోతే మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా ఆ కంప్యూటరు లెక్కలో మనిషి రానట్టే.

ఎల్లస్వామి తల్లి పేరు బిక్షమ్మ. మక్తల్ అవతల, కృష్ణ ఒడ్డుకు పోయే దారిలో ఒక ఊరు వాళ్లది. కూలి చేసుకుని బతికే ఇల్లు. ఆమెకు తొమ్మిదో ఏట పెద్ద జ్వరం వచ్చింది. తగ్గితే పిల్లను దేవుడికి ఇస్తామని ఇంట్లోవాళ్లు మొక్కుకున్నారు. జ్వరం తగ్గింది. ఊరి పెద్దలు మంచిరోజు చూసి, పోతరాజు స్వామితో పెళ్లి అని చెప్పి, ఆ పసిదాని మెడలో తాళి కట్టించారు. మొక్కు అనేది పైకి చెప్పే మాట. భూమి లేనివాళ్ల పిల్లను భూమి ఉన్నవాళ్లకు అప్పజెప్పడానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నారు, అంతే. జోగిని అనే మాటకు ఎంత పసుపు పూసినా అర్థం మారదు. ఆ పద్ధతి నేరమని ప్రభుత్వం చట్టం తెచ్చేనాటికి బిక్షమ్మకు పన్నెండేళ్లు. చట్టం వచ్చిన సంగతి ఆ ఊరు చెవిన వేసుకోవడానికి మరో పదేళ్లు పట్టింది.

పద్దెనిమిదో ఏట ఆమెకు కొడుకు పుట్టాడు. వాడి తండ్రి ఎవరో ఊరికి తెలుసు. ఆ పెద్దమనిషికీ తెలుసు. తెలిసినట్టు ఏ ఒక్కరూ ఒక్కనాడూ అనలేదు. బడిలో వేసిన రోజు సారు రిజిస్టరు తెరిచి తండ్రి పేరు అడిగితే బిక్షమ్మ చాలాసేపు నేల చూసి, పోతరాజు అంది. ఊరంతా చేరి తనకు చేసిన పెళ్లి అదొక్కటే గదా మరి. సారు వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చినవాడు. అదెవరో మనిషి పేరనుకుని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. ఆ పేరు అక్కడి నుంచి పదో తరగతి మెమో మీదికి, ఇంటర్ మీదికి, డిగ్రీ మీదికి పాకింది. ఎల్లస్వామి, తండ్రి పోతరాజు. హాస్టల్లో తోటివాళ్లు మీ నాయిన ఏం చేస్తడని అడిగితే చనిపోయాడని చెప్పేవాడు. దేవుణ్ణి చంపి తిరుగుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే అని తనలో తాను నవ్వుకున్న రోజులూ ఉన్నాయి. ఏడవలేక నవ్విన నవ్వు అది.

వాడు ఆరో తరగతికి హాస్టల్లో చేరిన ఏడే బిక్షమ్మ ఊరు విడిచింది. మెడలో తాళి తీసి గుడి మెట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా, పాలమూరు కూలీల గుంపుతో కలిసి రోడ్డు పనులకు పోయింది. షోలాపూర్, పుణె, బొంబాయి, ఎక్కడ తట్ట మోయమంటే అక్కడ మోసింది. కొడుకు డిగ్రీకి నల్గొండ వచ్చినప్పుడు తానూ వచ్చి, చిన్న గది కిరాయికి తీసుకుని, గడియారం సెంటరుకు పోయే దారి పక్కన పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్మడం మొదలుపెట్టింది. తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడు అది. రొట్టె బిక్షమ్మ అంటే ఆ వీధిలో అందరికీ తెలుసు. మీ ఆయన ఎక్కడ అని ఎవరైనా అడిగితే లేడు అనేది. లేడంటే పోయాడని వాళ్లు అనుకునేవాళ్లు. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఆ రెండిటి సందులోనే తల్లీకొడుకులు ఇన్నేళ్లూ తలదాచుకున్నారు.

ఎల్లస్వామి చదువు అయ్యాక హైదరాబాదు రోడ్డు మీద ఉన్న ఒక చిన్న కంపెనీలో కుదిరాడు. ముప్పై మంది పనిచేసే చోటు. కాలేజీల అడ్మిషన్లకూ, ప్రైవేటు దవాఖానల చీటీలకూ, పరపతి సంఘాలకూ కావలసిన సాఫ్ట్‌వేర్ అక్కడ తయారవుతుంది. మూడు పనులకు మూడు జట్లు. కాలేజీ జట్టు రియాక్ట్ పద్ధతిలో తెరలు అల్లుతుంది, దవాఖాన జట్టు యాంగులర్, సంఘాల జట్టు వ్యూ. ఎవరి పద్ధతి వాళ్లకు బంగారం. ఒకరు చేసిన ముక్క ఇంకొకరి తెరలో ఇమడదు. అందుకని ఫోను నంబరు రాసే గడి లాంటి చిన్నదాన్ని కూడా ముగ్గురూ మూడుసార్లు చేసేవాళ్లు. ఒకదానిలో పది అంకెలు పడితే, ఇంకొకదానిలో పదకొండు పట్టేవి, మూడోదానిలో అక్షరాలు కొట్టినా ఊరుకునేది. ఒకదానిలో తప్పు దిద్దితే మిగతా రెండిట్లో ఆ తప్పు అలాగే ఉండేది.

ఆ గొడవ తీర్చింది ఎల్లస్వామే. ఏ పద్ధతిదీ కాకుండా, నేరుగా బ్రౌజరుకే అర్థమయ్యేట్టు గడులను విడిగా తయారు చేస్తే వాటిని ఎవరైనా తెచ్చి తమ తెరలో పెట్టుకోవచ్చు కదా అన్నాడు. అని ఊరుకోలేదు, చేసి చూపించాడు. పేరు గడి, తేదీ గడి, చిరునామా గడి. బయటి రంగులు లోపలికి అంటకుండా, లోపలి రాత బయటికి పొక్కకుండా ఒక్కొక్కదాన్నీ మూటగట్టాడు. ప్రతి మార్పుకూ ఒక నంబరు ఇచ్చి, కొత్త నంబరు వస్తే మూడు జట్లూ దాన్నే తీసుకునేట్టు ఏర్పాటు చేశాడు. ఆఫీసులో కాంపోనెంట్లు అనేవాళ్లు గానీ అతను మాత్రం గడులు అనేవాడు, తర్వాత అందరికీ అదే అలవాటైంది.

నువ్వు చేసే పనేందిరా అని తల్లి ఒకసారి అడిగితే ఎల్లస్వామి ఇలా చెప్పాడు. "నెత్తిమీద పెట్టుకునే సుట్టబట్ట లెక్క అమ్మా. బిందె వెట్టినా, తట్ట వెట్టినా, కట్టెల మోపు వెట్టినా సుట్టబట్ట ఒకటే గద. గట్లాంటిది నేను జేస్త, అందరు వాడుకుంటరు."

నెత్తిన బరువు మోసిన మనిషికి ఆ మాట వెంటనే ఎక్కింది. "అయితే మంచిగ సుట్టు కొడుకా. సుట్ట సరిగ లేకుంటె బరువంత మెడ మీదికి వస్తది," అంది బిక్షమ్మ.

ఎల్లస్వామి మంచిగానే చుట్టాననుకున్నాడు. దశరథ్ అని వాళ్ల మేనేజరు ఒకరోజు దవాఖానల నుంచి వచ్చిన పట్టిక చూపించాడు. తండ్రి లేదా భర్త పేరు ఉండవలసిన చోట జనం చుక్కలు కొట్టారు, గీతలు కొట్టారు, వర్తించదనే అర్థంలో ఎన్ఏ అని కొట్టారు, ఒకటే అక్షరం అయిదుసార్లు కొట్టారు. దశరథ్ చెప్పిందీ న్యాయమే. మన జిల్లాలో ఒకే పేరున్న లక్ష్మమ్మలు ఎంతమంది లేరు! ఒకరి రక్తపరీక్ష కాగితం ఇంకొకరి చేతికి పోతే ప్రాణం మీదికి రాదా? అందుకని ఆ గడి పక్కన ఎర్ర చుక్క పెట్టమన్నాడు. ఎల్లస్వామి చుక్క పెట్టి ఊరుకోలేదు, చెత్త అక్షరాలు పడకుండా లోపల కాపలా కూడా పెట్టాడు. గీత కొడితే ఒప్పుకోదు, ఎన్ఏ ఒప్పుకోదు, మూడక్షరాల కంటే తక్కువైతే ఒప్పుకోదు. ఒప్పుకోనప్పుడు కింద ఎర్రగా పడే తెలుగు వాక్యం కూడా అతనే రాశాడు: సరైన పేరు రాయండి.

రాసేటప్పుడు తల్లి గుర్తు రాలేదా అంటే, రాలేదు. ఎందుకు రాలేదో అతను తర్వాత చాలాసార్లు తనను తాను ప్రశ్నించుకున్నాడు. తండ్రి పేరు లేని మనిషి ఉంటాడన్న ఆలోచనే తట్టలేదు. ఏదో ఒక పేరు ఎప్పుడూ ఉంటుంది కదా, తనకు లేదా? పాతికేళ్లుగా ఆ గడిలో పోతరాజు అని రాసి రాసి, అక్కడ అబద్ధం రాయడమే అందరూ చేసే పని అన్నట్టు తయారైంది అతని బుర్ర. ఏ బాధ అయినా అంతగా అలవాటైతే ఇక కంటికి ఆనదు కాబోలు.

ఇంకో నియమం కూడా అప్పుడే పెట్టాడు. అందరూ వాడే గడిని ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు మార్చకూడదు కాబట్టి, మార్పు కావాలన్నవాళ్లు కారణం రాయాలి. ఉత్తి కారణం చాలదు, దానివల్ల ఇబ్బంది పడ్డ నిజమైన మనిషి ఉదాహరణ ఒకటి ఇవ్వాలి. మూడు జట్ల నుంచి ముగ్గురు ఒప్పుకోవాలి. ఆ కారణం ఆఫీసులో అందరికీ కనిపిస్తుంది, ఎన్నేళ్లయినా అక్కడే ఉంటుంది. ఈ నియమం చూసి దవాఖాన జట్టు పెద్ద నాగరాణి, నువ్వు ప్లీడరు కావలసినవాడివి అని నవ్వింది.

రెండు వేల ఇరవై మూడు ఆగస్టు. బిక్షమ్మ కుడి రొమ్ములో గడ్డ ఉందని పక్కింటి సావిత్రమ్మ చెబితే తప్ప కొడుక్కు తెలియలేదు. ఆమె ఎన్నాళ్లుగా దాచిందో ఆమెకే తెలియాలి. ఎల్లస్వామి మర్నాడే సెలవు పెట్టి, ఆడ డాక్టరు ఉంటుందని బస్టాండు వెనక ఉన్న ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాడు. పొద్దున పదకొండు గంటలు, వరసలో పాతికమంది ఉన్నారు. కౌంటరులో మల్లిక అని పేరు బిళ్ల పెట్టుకున్న అమ్మాయి కూర్చుని ఉంది. తెర కొంచెం బయటి వైపు తిప్పి ఉంది. దూరం నుంచే ఎల్లస్వామి తన గడిని గుర్తుపట్టాడు. ఆ గుండ్రటి అంచులు, పేరు కొట్టడం మొదలుపెట్టగానే పైన అక్షరాలు చిన్నవై పక్కకు జరగడం, అంతా తన పనే. ఒక్క క్షణం సంతోషపడ్డాడు కూడా.

మల్లిక పేరు అడిగింది, వయసు అడిగింది, ఫోను నంబరు అడిగింది. భర్త పేరు అడిగింది. బిక్షమ్మ లేడంది. పోయినా పేరు కావాలమ్మా అంది మల్లిక. బిక్షమ్మ మళ్లీ లేడంది. ఆ పిల్ల మంచిదే. ఇంకేం అడగకుండా ఖాళీగా వదిలి మీట నొక్కింది. గడి ఎర్రబడింది. గీత కొట్టింది, ఎర్రబడింది. ఎన్ఏ కొట్టింది, ఎర్రబడింది. తన వంతుగా ఎన్ని దారులు ఉన్నాయో అన్నీ చూసింది. ఒక్కొక్క దారినీ ఏ రోజు ఎలా మూశాడో ఎల్లస్వామికి గుర్తొస్తూ ఉంది.

మల్లిక ఎర్ర అక్షరాలు చదివి తలెత్తింది. "సరైన పేరు చెప్పమంటాందమ్మా. లేకుంటె తీసుకుంటలేదు."

బిక్షమ్మ పాతికేళ్ల కింద బడి సారు ముందు చూసినట్టే నేల చూసింది. "పోతరాజు అని రాయి బిడ్డా," అంది.

వెనక నిలబడ్డ ముసలాయన ఎవరో మక్తల్ వైపు మనిషే అయి ఉండాలి. చెడ్డ ఉద్దేశంతో అనలేదు గానీ, చెవుడు ఉన్నవాళ్లు మాట్లాడినట్టు గట్టిగా అన్నాడు. "పోతరాజా? అంటె దేవునికి ఇడిసినామెనా?"

వరసలో ఉన్న పాతికమందీ తిరిగి చూశారు. కొందరికి అర్థమైంది, అర్థం కానివాళ్లకు పక్కవాళ్లు చెప్పారు. బిక్షమ్మ కొంగు భుజం చుట్టూ లాక్కుని, ఎవరి వైపూ చూడకుండా, బయటికి నడిచి వెళ్లిపోయింది. ఆమె వెనక పరుగెత్తబోతూ ఎల్లస్వామి తెర వైపు చూశాడు. మల్లిక ఆ పేరు కొట్టేసింది. గడి పక్కన పచ్చ టిక్కు పడి ఉంది. ఇన్ని నిజాలను తోసేసిన గడి ఆ ఒక్క అబద్ధాన్ని హాయిగా ఒప్పుకుంది.

ఇంటికి వచ్చాక ఎల్లస్వామి ఎన్నో రకాలుగా బతిమాలాడు. వేరే దవాఖానకు పోదామన్నాడు. ఎక్కడికి పోయినా అదే అడుగుతారంది. నువ్వు కౌంటరు దగ్గరికి రానే వద్దు, నేనే పోయి ఏదో ఒక పేరు రాయించి చీటీ తెస్తానన్నాడు. అప్పుడు ఆమె చేటలో పిండి పక్కన పెట్టి కొడుకు ముఖంలోకి చూసింది.

"పాతికేండ్ల సంది అబద్ధం జెప్పిన కొడుకా. నీ సదువు కోసం జెప్పిన, కిరాయి ఇండ్ల కోసం జెప్పిన. ఇప్పుడు నా పానం మీదికి వచ్చినంక గుడ ఇంకో మొగోని పేరు నా ముంగట రాయిస్తవా? నా పేరు ఒక్కదానితోటి సూస్తె సూడమను. లేకుంటె వద్దు."

ఎల్లస్వామికి ఇక దాచుకోవడం చేతకాలేదు. "గా గడి నేను జేసిందే అమ్మా," అన్నాడు.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. సుట్టబట్ట అని చెప్పిన గదా, అది ఇదే అని విడమరిచి చెప్పాడు. చుక్క పెట్టింది తనే, ఎర్రగా ఆ మాట రాసింది తనే. బిక్షమ్మ తిట్టలేదు, ఏడవలేదు.

"నీకు దెల్వదా కొడుకా?" అని మాత్రం అడిగింది.

అది అడిగి ఆమె రొట్టెల పనిలో పడింది. ఆ మాట మాత్రం ఎల్లస్వామిని వదల్లేదు.

మర్నాడే మార్పు రాశాడు. ఆ గడికి ఎర్ర చుక్క తీసేయాలి, తల్లి పేరో బిడ్డ పేరో ఎవరిదైనా రాసుకునే వీలు ఉండాలి, ఏదీ రాయకపోయినా ఫోను నంబరుతో మనిషిని గుర్తుపట్టొచ్చు. పని గంటలో అయిపోయింది. కారణం దగ్గర చేయి ఆగింది. కొందరు వాడకందారులకు అసౌకర్యంగా ఉంది అని రాసి పంపాడు. నాగరాణి అరగంటలో తిప్పి కొట్టింది. ఎవరికి అసౌకర్యం, ఉదాహరణ ఏది, నువ్వు పెట్టిన నియమమే కదా అని కింద రాసింది. ఆమెది మేళ్లచెరువు. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసిన తండ్రి కూతురు, మాటల్లో నాన్చుడు తెలియని మనిషి. దశరథ్ కూడా గదిలోకి పిలిచి, పేర్ల గందరగోళం మళ్లీ మొదలవుతుందనీ, ఒకరిద్దరి కోసం అందరి గడీ మార్చలేమనీ నచ్చజెప్పాడు. ఆ ఒకరిద్దరిలో మా అమ్మ ఉంది అని ఎల్లస్వామి చెప్పలేకపోయాడు. ఆ సాయంత్రం అతను మార్పును వెనక్కి తీసుకున్నాడు.

అతన్ని వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు. భయపడ్డాడు. అయిదేళ్లు కలిసి అన్నం తిన్నవాళ్లు రేపటి నుంచి తన డబ్బా పక్కన తమ డబ్బా పెట్టి తింటారా అని భయపడ్డాడు. తల్లి పేరు చెప్పగానే వాళ్ల కళ్లలో ఏం మెదులుతుందో అని భయపడ్డాడు. అలా సెప్టెంబరు పోయింది, అక్టోబరు పోయింది. పొద్దున లేచి అమ్మా పోదామా అనేవాడు, ఆమె గడి మార్చినవా అనేది, అతను డబ్బా తీసుకుని ఆఫీసుకు పోయేవాడు.

నవంబరు మొదటి వారంలో ఒక పొద్దున పొయ్యి దగ్గర తల్లిని చూశాడు. ఆమె జొన్నరొట్టె ఎడమ చేత్తో కొడుతోంది. కుడి చేయి ఒళ్లో పెట్టుకుంది, ఎత్తలేకపోతోంది. జొన్నపిండి మొండిది, రెండు చేతులూ ఆడితేనే గుండ్రంగా సాగుతుంది. ఒంటిచేత్తో కొట్టిన రొట్టె ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా, అంచులు పగిలి వచ్చింది. కొనడానికి వచ్చిన ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏంది బిక్షమ్మా ఇయ్యాల గిట్లొచ్చింది అన్నాడు. ఆమె నవ్వి, పిండి బాగలేదన్నా అంది.

ఎల్లస్వామి ఆ రోజు ఆఫీసుకు అందరికంటే ముందు పోయాడు. పాత మార్పును మళ్లీ తెరిచి, కారణం ఉండే చోట ఇలా రాశాడు:

'ఉదాహరణ: మా అమ్మ బిక్షమ్మ. తొమ్మిదేళ్ల వయసులో ఆమెను జోగినిని చేశారు. ఆమెకు భర్త లేడు. నాకు రాసుకోవడానికి తండ్రి పేరు లేదు. నా సర్టిఫికెట్లలో ఉన్నది దేవుడి పేరు. ఈ గడి వల్ల ఆమె ఆగస్టులో డాక్టరును చూడకుండా దవాఖాన నుంచి తిరిగి వచ్చింది, ఇప్పటిదాకా మళ్లీ పోలేదు. ఆమెకు రొమ్ములో గడ్డ ఉంది. ఈ గడి చేసింది నేనే.'

పంపించి, కుర్చీలో కూర్చుని, ఒక్కొక్కరూ రావడం చూస్తూ ఉన్నాడు. కంప్యూటర్లు తెరిచారు. కాలేజీ జట్టులో గిరి అని ఒకతను ఉన్నాడు, ప్రతి దానికీ జోకు వేసే రకం. మొదట ఒప్పుకుంది అతనే, కింద ఒక్క అక్షరం కూడా రాయలేదు. సంఘాల జట్టు పదింటికి ఒప్పుకుంది. నాగరాణి మాత్రం పదకొండు దాటినా పలకలేదు. ఎల్లస్వామి ఆమె వైపు చూడటానికి కూడా ధైర్యం చేయలేదు. చివరికి ఆమె జవాబు వచ్చింది. ఓదార్పు మాటలు ఏమీ లేవు. చుక్క ఒక్కటి తీస్తే చాలదు, కింద ఎర్రగా వచ్చే వాక్యం కూడా పూర్తిగా తీసేయండి, అది ఏ గడిలోనూ ఉండకూడదు అని రాసింది. అతను తీసేశాడు. ఆమె ఒప్పుకుంది.

కొంచెంసేపటికి దశరథ్ వచ్చి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. దవాఖానవాళ్లతో మాట్లాడాననీ, ఫోను నంబరు ఉంటే చాలన్నారనీ చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఎల్లస్వామీ, గా కారణం కావాలంటె తీసేద్దాం. మార్పు ఎట్లనో అయింది గద. ఎవరు వడితె వాళ్లు సదువుతరు."

"ఉండనీ సార్," అన్నాడు ఎల్లస్వామి. "రేపెవరన్న మళ్ల చుక్క పెడదామనుకుంటె వాళ్లు సదవాలె."

మధ్యాహ్నం అన్నాల దగ్గర అతను ఎప్పుడూ కూర్చునే బల్ల మీదనే కూర్చున్నాడు. నాగరాణి వచ్చి ఎదురుగా కూర్చుని, రోజూ చేసినట్టే అడగకుండా అతని డబ్బాలోంచి రొట్టె ముక్క తుంచుకుంది. పగిలిన అంచు చూసి, అమ్మ ఒంటిచేత్తో కొట్టిందా అని అడిగింది. అవునన్నాడు. అప్పుడు అతనికి ఏడుపు ఆగలేదు. ఆమె తినడం ఆపకుండా, తల ఎత్తకుండా, అతను ఏడ్చినంతసేపూ అక్కడే కూర్చుంది.

కొత్త నంబరు ఆ సాయంత్రానికి మూడు జట్ల తెరల్లోకీ పోయింది. మూడు రోజుల తర్వాత నాగరాణి ఒక లెక్క తెచ్చి చూపించింది. కాలేజీలు, దవాఖానలు, సంఘాలు కలిపి అరవై ఏడుగురు ఆ గడిని ఖాళీగా వదిలారు. ఇంకా ఎక్కువమంది తల్లి పేరు ఎంచుకున్నారు. వాళ్లంతా ఎవరో, ఎవరి కథ ఏమిటో తెలియదు. ఒకరిద్దరు మాత్రం కాదని తెలిసింది. ఇన్నాళ్లూ వాళ్లు ఆ గడిలో ఏం రాసుకుంటూ వచ్చారో అనుకున్నాడు ఎల్లస్వామి.

నాలుగో రోజు పొద్దున తల్లితో గడి మార్చిన అమ్మా అన్నాడు. అందరికీ చెప్పినవా అని అడిగింది. చెప్పిన అన్నాడు. ఏమన్నరు అని అడగలేదు. లేచి, పెట్టెలోంచి ఉతికిన చీర తీసి కట్టుకుంది.

అదే దవాఖాన, అదే కౌంటరు, మల్లికే కూర్చుని ఉంది. ఆ పిల్ల గుర్తుపట్టిందో లేదో గానీ, గుర్తుపట్టినట్టు కనబడలేదు. వరస ఈసారీ పొడుగ్గానే ఉంది. బిక్షమ్మ కౌంటరు బండ అంచును ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని నిలబడింది. మల్లిక పేరు అడిగింది, చెప్పింది. వయసు అడిగింది, చెప్పింది. ఫోను నంబరు కొడుకు చెప్పాడు. మల్లిక మీట నొక్కింది. చీటీ బయటికి వచ్చింది.

బిక్షమ్మ చీటీ అందుకోలేదు. ఇంకేదో అడుగుతుందని చూస్తూ నిలబడింది.

"గంతేనా బిడ్డా?"

"గంతే అమ్మా. మూడో నంబరు గది."

ఆమె బండ మీద నుంచి చేయి తీసింది. చీటీ తీసుకుని, చదవడం రాకపోయినా ముందూ వెనకా తిప్పి చూసి, కొడుకుకు ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకుంది.

డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసింది. చంకలోకి కూడా పాకిందని చెప్పింది. హైదరాబాదు పోవాలనీ, ఆపరేషను, తర్వాత మందులు, ఏడాది పైనే పడుతుందనీ, ఎంతవరకు తగ్గుతుందో ఇప్పుడే మాట ఇవ్వలేననీ అంది. అంతా చెప్పి, కళ్లద్దాలు తీసి ఎల్లస్వామి వైపు కొంచెం కోపంగానే చూసింది. మూడు నెలల ముందు వచ్చి ఉంటే ఎంతో తేలికయ్యేదనీ, ఇంత ఆలస్యం ఎందుకు చేశారనీ అడిగింది.

ఎల్లస్వామి తల దించుకున్నాడు. చెప్పవలసిందే అనుకున్నాడు. అతను నోరు తెరిచేలోపే తల్లి అందుకుంది.

"మా పిలగానికి పని వడ్డదమ్మా. నా గురించే జేస్తుండె. అది ఒడిసినంక వచ్చిన."

డాక్టరమ్మ అదేం పని అని అడగలేదు. చీటీ కావాలని చేయి చాపింది. బిక్షమ్మ కొంగులోంచి తీసి ఇచ్చింది. చెమటకు కొంచెం తడిసిన ఆ కాగితం మీద పైన అచ్చులో ఆమె పేరు ఒక్కటే ఉంది. డాక్టరమ్మ దాని కింద చేయించవలసిన పరీక్షల పేర్లు ఒక్కొక్కటే రాయడం మొదలుపెట్టింది.